డబ్బా మీది చిన్న అక్షరాలు

నిజామాబాద్ కాలేజీలో డిగ్రీ మొదటి ఏడాది చదువుతున్నప్పుడు మా కెమిస్ట్రీ సారు ఒక వింత పని చెప్పారు. ఇంట్లో వాడే మందు డబ్బా ఒకటి ప్రతి ఒక్కరూ తేవాలట. పరీక్షలు నెత్తి మీద ఉంటే ఈ చెత్త ఏరే పని ఏమిటని నాకు ఒళ్లు మండింది. అయినా శనివారం బస్సెక్కి బోధన్ దగ్గరి మా ఊరికి పోయాను.

మా అమ్మను అవ్వా అని పిలిచేవాళ్లం. అప్పుడు ఆమెకు టీబీ. సూదులు అయిపోయాయి, ఇంకో ఏడాది రోజూ మాత్రలు మింగాలని బోధన్ డాక్టరు చెప్పాడు. డబ్బా కోసం గూట్లో చెయ్యి పెడితే పోయిన నెల మాత్రలు సగం అట్లాగే ఉన్నాయి.

"ఏందవ్వా ఇది?"

"దినం ఇడిసి దినం మింగుతున్న బిడ్డా. గవి శాన పిరం. నీ హాస్టల్ పైసలు యాడికెల్లి తెస్తడు మీ బాపు?"

కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. "నువ్వే లేకుంటే గా సదువు నాకెందుకు, మన్ను బుక్కతానికా?" అన్నాను. అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది.

సోమవారం క్లాసులో బల్ల మీద డబ్బాలు కుప్ప పోశాం. పెద్ద అక్షరాల పేరును వేలితో మూసి, కింద ఉన్న చిన్న అక్షరాలు చదవమన్నారు సారు. నలుగురు తెచ్చిన నాలుగు జ్వరం డబ్బాల్లోనూ ఉన్నది ఒకటే మందు! ధరలు మాత్రం దేనికదే. క్లాసంతా పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అవ్వ డబ్బా పట్టుకుని మధ్యాహ్నమే సర్కారు దవాఖానకు ఉరికాను.

అక్కడి డాక్టరమ్మ డబ్బా తిప్పి చదివింది. "గిదే మందు మా దగ్గర ఊకెనే ఇస్తం, పైస గూడ తీస్కోం. మీ అవ్వను తోల్కరా, సూసి రాసిస్త. కానీ ఒక్క రోజు గూడ తప్పొద్దు."

ఎగిరి గంతేసినంత పని చేశాను. ఊరికి పోయి చెబితే అవ్వ మాత్రం కదలనంటే కదలనన్నది.

"ఊకెనే ఇచ్చేదాంట్ల ఏం బలముంటది?"

నాకొచ్చిన కెమిస్ట్రీ అంతా చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అప్పుడే చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు దింపి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న బాపు తల తిప్పాడు.

"మన చెరుకు, పటేలు చెరుకు ఒక్క గానుగల్నే పడ్తది. చాయల చక్కెర ఏసుకుంటవు గదా, గది ఎవని చెరుకో నీకు ఎర్కైతదా?"

అవ్వ "కాదు" అన్నది.

"మరి లే. పొద్దుగాల బస్సుకు పో."

ఏడాది పొడుగునా అవ్వ ఒక్క రోజు తప్పలేదు. చివరిసారి డాక్టరమ్మ ఛాతీ ఎక్స్‌రే ఫోటో తీయించి చూసి, ఇక మాత్రలు చాలన్నది. నాకు సంతోషంతో కాళ్లు నేల మీద ఆనలేదు. బయటికి వచ్చేసరికి బోధన్ బస్సు కదులుతున్నది. అవ్వ కొంగు నడుముకు దోపుకుని ఉరికింది. పుస్తకాల సంచితో రొప్పుకుంటూ నేనే వెనకబడ్డాను. అప్పటికే మెట్టెక్కి కడ్డీ పట్టుకున్న అవ్వ, దగ్గు లేకుండా, బజారంతా వినబడేటట్టు కండక్టరుతో అంటున్నది:

"జర ఆపు కొడుకా, నా బిడ్డ ఉరుకలేకపోతున్నది."