రూతమ్మ పెట్టిన మూడో తట్ట

దయ్యాలు, ఆత్మలు అని చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్లు మంట. తొంభైకి దగ్గరపడ్డాను, ఇప్పటికీ అంతే. మా నాయన నన్ను బడికి పంపలేదు, మగ్గం గుంతలో కూర్చోబెట్టాడు. ఎమ్మిగనూరు అంగళ్లలో పొట్లాలు కట్టే కాగితాలు చదివి తెలుగు, ఆ తర్వాత ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. ఎవరో చెప్పింది చెప్పినట్టు నమ్మే రకమైతే నాకు ఆ మాత్రం అక్షరాలు కూడా వచ్చేవి కావు. ఈ కింద రాసింది నమ్మమని నేనెవరినీ బతిమాలడం లేదు.

మా ఆదోని తాలూకాను బళ్లారి జిల్లా నుంచి తీసి కర్నూలు జిల్లాలో కలిపిన కొత్తలు. ఉగాది వెళ్లిన మరుసటి వారం. నాకప్పుడు ఇరవై ఒకటో ఏడు. ఎమ్మిగనూరుకు నాలుగు మైళ్ల దూరంలో ఒక పల్లె, అందులో క్రైస్తవ కూలీల ఇళ్లు పదిహేను దాకా ఉండేవి. అక్కడి బడిపంతులు ఏదో పత్రికలో చిరునామా చూసి అమెరికాకు ఉత్తరం రాశాడు. దానికి జవాబుగా ఇద్దరు కుర్రాళ్లు బయలుదేరి వచ్చారు. మార్మన్లట, అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ. కాఫీ ముట్టరు, టీ ముట్టరు. రెండేళ్లపాటు ఇల్లు వదిలి దేశాలు తిరిగి తమ మతం చెబుతారు. పంతొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి ‘పెద్ద’ అని పిలవాలట. నాకు నవ్వొచ్చింది.

వాళ్లకొక కట్టుబాటు ఉంది. ఎక్కడికి వెళ్లినా జంటగానే వెళ్లాలి. తోటివాణ్ణి ఒంటరిగా వదలకూడదు.

సోమవారం పొద్దున ఆదోని స్టేషన్లో దిగింది మాత్రం ఒక్కడే. పేరు డీన్. ఆ ఎండలో మెడకు టై. రెండోవాడు కార్ల్‌కు దారిలో జ్వరం తగిలి బళ్లారి ఆసుపత్రిలో చేరాడు. “వాళ్లు మనకోసం ఎదురుచూస్తుంటారు, నువ్వు పద, రెండు రోజుల్లో నేనూ వస్తాను” అని కార్లే పంపించాడట. ఈ సంగతి చెప్పేటప్పుడు డీన్ నా ముఖం చూడలేదు. కార్ల్‌కు ఎక్కువైందని చిన్న కబురు తెలిసినా ఆ నిమిషమే వెళ్లిపోతానన్నాడు.

పంతులు నన్ను దుబాసీగా పెట్టాడు. డీన్ చెప్పింది తెలుగులో చెప్పాలి, ఊరివాళ్లు అన్నది ఇంగ్లీషులో చెప్పాలి. వారం పూర్తయితే డీన్ పెట్టెలో ఉన్న ఇంగ్లీషు నిఘంటువు నాది. అంతవరకు నేను చూసినవన్నీ అట్టలు ఊడి, సగం పేజీలు పోయినవే.

మధ్యాహ్నం భోజనం రూతమ్మ ఇంట్లో. భర్త పోయిన మనిషి, కూలి చేసుకుని బతికేది. జొన్నరొట్టెలు తట్టే ముందు మా పక్క ఆడవాళ్లు తలలు లెక్కపెట్టుకుంటారు. మనిషికి రెండు. పైగా ఆ ఏడు వానల్లేవు. ఎదుట లేని మనిషికి రొట్టె తట్టేంత జొన్నలు ఆ ఇంట్లో లేవు. చదివేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

మంగళవారం ఆమె మూడు సత్తు తట్టలు పరిచింది. కంచాన్ని మేం తట్ట అంటాం. నువ్వూ మాతోపాటు తింటావా అని అడిగాను.

“నేనెప్పుడు తింటినప్పా మగోల్లతో? ఇది ఇంగొకాయప్పకు. ఎండలో నిలబడుకోనుండాడు సూడు, లోపలికి పిల్సు.”

వాకిలి వైపు చూశాను. ఎండ, రోలు, రోలు నీడలో ఒక కోడి. అంతే.

ఏమంటోందని డీన్ అడిగాడు. “ఇంకో రొట్టె తినమంటోంది” అన్నాను. మా మనుషుల మూఢనమ్మకం పరాయివాడి ముందు పెట్టడం నాకు నామోషీ అనిపించింది. ఆ రోజు అబద్ధానికి కారణం అదొక్కటే.

బుధవారం సైకిళ్ల మీద పక్క ఊరికి వెళ్లాం. దారిలో ఒక గొర్రెల కాపరి ఆపాడు. ఆ ముసలాయన రూతమ్మ ఊరివాడు కాదు, ఆమె ఎవరో ఆయనకు తెలియదు.

“ఏమప్పా, మీరిద్దురూ సైకిలెక్కి దర్జాగా పోతాండారే! ఆ ఎర్రెంటికల దొరను ఎనక నడిపిస్తాండారు, మనుసులేనా మీరు?” అని నవ్వాడు. ఆయన నవ్వుతుంటే డీన్ కూడా నవ్వాడు. “నీ టోపీ బాగుందంటున్నాడు” అని చెప్పాను.

సాయంత్రం మాటల్లో, మీ స్నేహితుడు ఎలా ఉంటాడని డీన్‌ను అడిగాను. పొడుగ్గా ఉంటాడట. జుట్టు ఎర్రగా ఉంటుందట, దాని మీదే చిన్నప్పుడు అందరూ ఏడిపించేవాళ్లట.

గురువారం మళ్లీ మూడు తట్టలు. ఈసారి రూతమ్మ నా మీద కోపం చేసింది.

“ఆయప్పకు జరమొచ్చిండాదప్పా. మొగం కందిపోయింది. రొట్టె ముట్టడు, నీల్లు తాగడు. నీకు కండ్లు లేవా? ఈ పిల్లోనికి సెప్పు, ఆయప్పను యాడన్నా పండబెట్టమని.”

డీన్ ఆమె ముఖం, నా ముఖం మార్చి మార్చి చూస్తున్నాడు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సుంది, అక్కడి నుంచి బళ్లారి చేరడం కష్టం కాదు. చెబితే వెళ్లిపోతాడు. వెళ్లిపోతే నాకు నిఘంటువు రాదు. ఇది నేను డెబ్బై ఏళ్లుగా ఎవరికీ చెప్పని మాట. “ఊరగాయ కారంగా ఉందా అని అడుగుతోంది” అన్నాను. మూడో తట్ట అలాగే ఉంటే డీన్ ఇంకేమైనా అడుగుతాడని, ఆ రెండు రొట్టెలూ నేనే తిన్నాను.

శుక్రవారం రెండే తట్టలున్నాయి. మూడోది పెట్టలేదేమని నేనే అడిగాను.

“ఆయప్ప పాయ గదా. నేను పొయ్యి ముట్టిస్తాంటే ఆడ వాకిట్లో నిలబడుకోని చెయ్యెత్తినాడు. జరం దిగినట్టుండె, మొగం తెల్లగుండె. సెప్పకుండా పోలేదులే, మంచోడు.”

ఆ సాయంత్రమే పంతులు టెలిగ్రాం తెచ్చాడు. కార్ల్ ఆ పొద్దున, పదకొండు కాకముందే పోయాడు.

డీన్ ఏడవలేదు. “వాణ్ణి ఒంటరిగా వదిలేశాను” అని ఒకే మాట చాలాసార్లు అన్నాడు. శనివారం ఆదోనిలో రైలెక్కించాను. కిటికీలోంచి నిఘంటువు నా చేతిలో పెట్టి, నీ సాయం మరిచిపోనన్నాడు.

‘ఒంటరిగా లేడు, నీ వెంటే ఉన్నాడట’ అని చెప్పేంత ఇంగ్లీషు నాకు రాదని చాలా ఏళ్లు సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. చిన్నపిల్లల వాచకంలో ఉండే మాటలు అవి, అన్నీ నాకు వచ్చు. రైలు కదిలింది.

డాక్టరు చదివిన మా మనవడు, ఎండ దెబ్బకు అలా కనిపిస్తుంది తాతా అంటాడు. రూతమ్మకు, కాపరికి, ఇద్దరికీ ఒకే మనిషి కనిపించే ఎండ దెబ్బ ఏ పుస్తకంలో ఉందిరా అని అడిగితే ఫోన్ చూసుకుంటాడు. వాళ్లిద్దరూ కార్ల్‌ను ఎన్నడూ చూడలేదు. నాకు ఆ వారంలో ఏమీ కనిపించలేదు. దయ్యాలను ఈ రోజుకీ నమ్మను.

కానీ నమ్మనివాడు కూడా విన్నది విన్నట్టు చెప్పొచ్చు. దుబాసీ పని అదే కదా. మంగళవారమే చెప్పి ఉంటే ఆ పిల్లవాడు బుధవారానికల్లా తోటివాడి మంచం పక్కన ఉండేవాడు.

నిఘంటువు నా దగ్గరే ఉంది, అట్ట ఊడలేదు. ఆ కరువులో, గురువారం నాడు, రూతమ్మ ఆ రెండు రొట్టెలు ఎవరిని చూసి తట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. తిన్నది మాత్రం నేను.