మూడో సర్వర్ చూపిన ఫలితం

2003 వేసవిలో నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు వెబ్‌సైట్ సంస్థలో సీనియర్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ని. మా సర్వర్లు నాలుగూ హైదరాబాద్‌లో ఉండేవి. నేను వాటిని కళ్లతో చూసింది ఒక్కసారే. రోజువారీ పనంతా దానవాయిపేట ఆఫీసులో కూర్చుని, లైను మీదుగా కమాండ్లు పంపి చేసేవాణ్ణి. ఆ నాలుగింటి ముందు లోడ్ బ్యాలెన్సర్ అనే యంత్రం ఒకటుండేది. సైటు తెరిచినవాళ్లను అది నాలుగు సర్వర్లకూ పంచుతుంది. ఏదైనా పలకకపోతే దాన్ని పక్కనపెట్టి, జనాన్ని మిగతా మూడింటికి పంపుతుంది.

ఆ ఏడు పదో తరగతి ఫలితాలు మా సైటులోనూ పెట్టాం. విడుదలైన గంట తర్వాత కూడా నా తెర మీద నాలుగు సర్వర్లూ పచ్చగానే ఉన్నాయి, అంటే అన్నీ పలుకుతున్నట్టే. మేనేజరు గారు వచ్చి భుజం తట్టి వెళ్లారు.

అప్పుడే మొగల్తూరులో ఇంటర్నెట్ సెంటర్ నడిపే వరలక్ష్మి గారు ఫోన్ చేశారు. ఒక అమ్మాయి నంబరు కొడితే మొదట పాస్ అని వచ్చిందట. ప్రింటు తీద్దామని మళ్లీ తెరిస్తే ఫెయిల్ అని వచ్చిందట.

నేను ఆ నంబరు కొట్టి చూశాను. పాస్. మీ కంప్యూటర్‌లో పాత పేజీ ఉండిపోయిందండి అన్నాను. రోజుకు పదిమందికి చెప్పే జవాబే.

“పాతదైతే ముందొచ్చిన పాసే చూపించాలి కదండీ? ఫెయిల్ ఎక్కణ్ణించి వచ్చిందండి?” అన్నారావిడ.

ఆ నంబరు మరోసారి కొట్టాను. మళ్లీ పాసే.

“పిల్ల ఇక్కడే కూర్చుని ఏడుస్తోందండి. వాళ్ల నాన్నగారికి ఏం చెప్పమంటారు?”

ఇంకొన్నిసార్లు తెరిచి చూడమని బతిమాలాను. ఆవిడ సెంటర్‌లో ఇంటర్నెట్‌కు వేరే లైను ఉండబట్టి, ఫోన్ పెట్టకుండానే మళ్లీమళ్లీ తెరుస్తూ ప్రతిసారీ ఫలితం పైకి చదివారు. ఎనిమిదిసార్లలో రెండుసార్లు ఫెయిల్.

వెంటనే నాలుగు సర్వర్లనూ విడివిడిగా అడిగాను. మూడోది ఫెయిల్ అంది. ముందురోజు అసలు ఫలితాల ఫైలు పంపుతుండగా మూడోదాని దగ్గర లైను తెగింది. తిరిగి కలిశాక దాని మొదటి పేజీ తెరుచుకోవడం చూసి సరిపోయిందనుకున్నాను. లోపల మేం సైటు పనితీరు చూసుకోడానికి పెట్టుకున్న ఉత్తుత్తి మార్కులే ఉండిపోయాయి. సర్వర్ పలుకుతోందా లేదా అన్నదే లోడ్ బ్యాలెన్సర్ చూస్తుంది; చెప్పేది నిజమా కాదా అన్నది దానికి పట్టదు.

మూడోదాన్ని వరసలోంచి తీసేసి, మళ్లీ చూడమన్నాను. ఆవిడ ఆరుసార్లు తెరిచారు. ఆరుసార్లూ పాసే. “పాసేనమ్మా, లే, ముఖం కడుక్కో” అని ఆ పిల్లతో అనడం నాకు వినిపించింది.

తప్పు నాదేనని మేనేజరు గారికి చెప్పాను. ఆయన కోప్పడ్డారు, కోప్పడుతూనే ముందు సైటులో ప్రకటన పెట్టించారు: ఈ ఉదయం ఫలితం చూసుకున్నవారు దయచేసి మరోసారి చూసుకోండి. ఎందరు చూసుకున్నారో, ఎందరు చూసుకోలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు వరలక్ష్మి గారికి ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పాను. నా జవాబు విని ఆవిడ ఫోన్ పెట్టేసి ఉంటే, ఆ సర్వర్ సాయంత్రం దాకా పచ్చగానే ఉండేది. ఆ తర్వాత మా తనిఖీ పద్ధతి మార్చాం. ఫలితం ముందే తెలిసిన ఒక నంబరును ప్రతి సర్వర్‌నూ అడిగి, జవాబు సరిపోలితేనే దాన్ని వరసలో ఉంచేవాళ్లం. నా మటుకు నేను, ఫిర్యాదు చేసినవారి తెర మీద ఏముందో వారిచేత పూర్తిగా చదివించుకున్నాకే కారణం చెప్పడం అలవాటు చేసుకున్నాను. రిటైరయ్యేదాకా అలాగే చేశాను.