సెలవుల్లేని దగ్గు

మా గుంటూరు వైపు దగ్గు జబ్బు కాదు. పెళ్ళిలోనూ దగ్గుతాం, చర్చిలోనూ దగ్గుతాం. పక్కవాళ్ళు అడక్కముందే "మిర్చి ఘాటు" అని చెప్పి మళ్ళీ దగ్గుతాం. అలాంటి చోట ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్ళు ఎమర్జెన్సీలో అంటురోగాల పరీక్షలు మెరుగుపరుస్తామని మీటింగులు పెట్టి, సమోసాలు తిని, చివరికి కనిపెట్టిన ఉపాయం ఏమిటయ్యా అంటే, గుమ్మంలో ఒక నర్సును కూర్చోబెట్టి "దగ్గుందా?" అని అడిగించడం. ఉందంటే కళ్లె పరీక్ష. దానికో ఫ్లెక్సీ కూడా కట్టారు.

మా చెల్లి మిర్చి యార్డులో మిరపకాయలకు ముచ్చికలు తీసే కూలికి వెళ్ళేది. సాయంత్రమయ్యేసరికి జ్వరం. జాకెట్లన్నీ వదులైపోయాయి. ఏడాది నిండని కొడుకు దాని పక్కలోనే పడుకుంటాడు. నా భయమంతా వాడి గురించే. ఒకరోజు ఆయాసం ఎక్కువైతే ఆ ఎమర్జెన్సీకే తీసుకెళ్ళాను.

"దగ్గుందామ్మా?" అంది నర్సు.

"మిర్చి ఘాటేనండీ," అంది చెల్లి, ఊరి పేరు చెప్పినంత తేలిగ్గా.

నర్సు మొహం విప్పారింది. ఒక పని తగ్గింది కదా! డాక్టరుగారు కూడా ఎన్నాళ్ళుగా అని అడిగిన పాపాన పోలేదు. ఆవిరి పట్టించి పంపించెయ్యమన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"యార్డుకి వేసవి సెలవులిచ్చి నెల దాటిందండీ. అప్పట్నుంచీ ఇది పనికే పోలేదు. ఘాటేమన్నా మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి కూర్చుందా?"

ఆయనకు కోపం వచ్చింది. అయినా నా నోటికి జడిసి కళ్లె పరీక్ష రాశారు. టీబీ అని తేలింది.

ఆ తర్వాత మళ్ళీ మీటింగు పెట్టారట. మళ్ళీ సమోసాలు తినే ఉంటారు.

కొన్నాళ్ళకు పిల్లాడికి జ్వరం అందుకుంది, దగ్గు కూడా. చుట్టుపక్కల ఇంకో దిక్కు లేదు. వాణ్ణి చంకనేసుకుని అక్కడికే పరుగెత్తాను. అదే గుమ్మం, అదే నర్సు. ప్రశ్న మాత్రం మెరుగుపడింది.

"మిర్చి ఘాటు దగ్గు కాకుండా, వేరే దగ్గేమన్నా ఉందామ్మా?"

వాణ్ణి తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీద కూర్చోబెట్టాను.

"వీడు ఇంకా అన్నంలో కారం కూడా ఎరగడు తల్లీ. ఏ దగ్గో నువ్వే చెప్పు."

ఆవిడ గడ్డం కింద ఉన్న మాస్కు పైకి లాక్కుంది. వాడు మళ్ళీ దగ్గాడు.