మేకకన్ను గుండీ

కాపురానికి వచ్చిన వారంలోనే అత్తగారు ఆవిడకు వసపిట్ట అని పేరు పెట్టింది. అదే నిలిచిపోయింది. కట్టుకున్నవాడు గుండీలాయన. రకరకాల గుండీలు కుట్టిన అట్టలు పెట్టెలో సర్దుకుని, ఊరూరూ తిరిగి, దర్జీలకు సరుకమ్మే దుకాణాల్లో ఆర్డర్లు పట్టుకొచ్చే పని. ఇంట్లో మాత్రం నోరు విప్పడు. ఆవిడ వంటింట్లోంచి అరిచినా "ఊఁ", పెరట్లోంచి అరిచినా "ఊఁ". కొత్త అట్ట వచ్చినప్పుడు పొయ్యి పక్కన పెట్టి, "ఎలా ఉన్నాయి?" అని అడిగేవాడు. గరిటె తిప్పుతూనే ఆవిడ ఓరకంట చూసి నోటికొచ్చింది అనేది. ఆయన "ఊఁ" అని అట్ట మూసేవాడు. మగవాళ్ళ మౌనంలో ఏదో లోతుందనుకుంటారు లోకులు. చాలామందికి అడుగున ఉండేది మట్టే.

ఏళ్ళ తరబడి గోడతో చెప్పుకున్నాక, ఒకనాడు ఆవిడ అడిగేసింది. "పొద్దుట్నుంచీ ఇంత వాగాను కదా, ఒక్క మాటైనా మీ చెవిలోకి దిగిందా?"

"ఏమన్నావ్?" అన్నాడు ఆయన.

అంతే. ఆవిడ నోటికి తాళం వేసింది. తన మాట ఒక్కటైనా ఆ మనిషి దగ్గర నిలిచి ఉందని తెలిసేదాకా ఆయనతో పెదవి కదపకూడదని పంతం పట్టింది. పంతమంటే ఆవిడదే.

ఇంతలో కొత్త అట్ట వచ్చింది. "ఎలా ఉన్నాయి?" అన్నాడు. పలకలేదు. మర్నాడూ అడిగాడు, ఆ మర్నాడూ అడిగాడు. చివరికి, "ఈసారి నువ్వూ రారాదూ? గాలి మార్పుగా ఉంటుంది. నేను దిగే గది కిటికీలోంచి నీళ్ళు కనబడతాయి" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట ఆవిడ ఎన్నడూ వినలేదు. పలక్కుండానే చీరలు సర్దింది.

నీళ్ళు నిజంగానే కనబడ్డాయి. ఆయన పెట్టె పట్టుకుని వెళ్ళిపోగానే గదంతా ఆవిడదే. గిన్నె తోమక్కర్లేదు, తలుపు తట్టేవాళ్ళు లేరు. మంచం మీద వాలితే, నీటి మీది ఎండ పైకప్పుకెక్కి మెల్లగా ఊగేది. తెర ఉబ్బుతూ, తగ్గుతూ, పక్కనెవరో నిద్రపోతున్నట్టుండేది. పడవ కూత ఎక్కడో మొదలై, ఆవిడ కునుకులోకి వచ్చి ఆగేది. మెలకువ వచ్చాక, తను లేచిందో, లేచినట్టు కలగందో తెలిసేది కాదు. ఒళ్ళు దూదిలా తేలిపోయేది. గుండెలో ఆ పంతమొక్కటే రాయిలా బరువుగా ఉండేది.

ఒక మధ్యాహ్నం కాళ్ళు ఎటు తీసుకెళితే అటు నడిచింది. సందు మలుపులో గాజు తలుపు దుకాణం. లోపల గోడ నిండా బుల్లి బుల్లి సొరుగులు, ఒక్కో సొరుగు ముఖాన ఒక్కో గుండీ. నీడగా ఉంది కదా అని లోపలికెళ్ళి నిలబడింది.

"అక్కా, మేకకన్ను డజను ఇవ్వు" అన్నాడు ఒక దర్జీ.

"అలిగిన ఆడపడుచు కూడా వచ్చింది, తీసుకుపో" అంది మెడలో టేపు వేసుకున్న దుకాణం ఆవిడ.

వసపిట్ట ఉలిక్కిపడింది. పచ్చటి గుండీ, మధ్యన నల్లటి చీలిక. ఎప్పుడో పప్పు కలుపుతూ, "ఛీ, మేకకన్నులా ఎలా చూస్తోందో!" అన్నది తనే. ఆ ఉబ్బిన గులాబీరంగు దాన్ని చూసి, "అచ్చం అలిగిన మీ చెల్లెలే" అన్నదీ తనే.

"ఈ పేర్లేమిటమ్మా?"

"మాకు సరుకు వేసే ఆయన చెబుతాడండీ. వాళ్ళావిడ పెట్టినవట. ఆ పేర్లు చెప్పి నవ్విస్తాడు, నవ్వాక వద్దనడానికి నోరు రాదు. ఈసారి పాపం, ఏడుపు ముఖంతో వచ్చాడు. కొత్తవాటికి పేర్లు లేవట. మేం కొనలేదు."

"ఏం, ఆవిడకేమైంది?"

"జబ్బు చేసిందట. మాటలు రావడం లేదట."

వసపిట్ట గబగబా బయటపడింది. నవ్వో ఏడుపో అక్కడ తేల్చుకోవడం ఇష్టం లేక.

సాయంత్రం నీటి ఒడ్డున బల్ల మీద కూర్చుంది. గుండీలాయన కాళ్ళీడ్చుకుంటూ వచ్చి పక్కన కూలబడ్డాడు. నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగుకు తిరుగుతున్నాయి, మధ్యన గీత ఎక్కడుందో తెలియడం లేదు.

"నాకు జబ్బని ఊరంతా చాటారట" అంది ఆవిడ.

ఆయన తుళ్ళిపడ్డాడు. "పలికావూ! మరి... ఏమని చెప్పమంటావు?"

"అన్నీ వింటూనే, ఇంట్లో ఆ ఊఁ ఏమిటి?"

"నేనూ మాట్లాడితే వినేదెప్పుడే?"

ఆవిడ కాస్త జరిగి, ఆయన పెట్టెకు బల్ల మీద చోటిచ్చింది.

ఆయన మెల్లగా అట్ట తీసి, మోకాళ్ళ మీద పరిచాడు. "ఎలా ఉన్నాయి?"

మొదటిది బూడిదరంగు గుండీ. మెరుపు లేదు, అంచు లేదు. ఆవిడ వేలితో నిమిరింది.

"ఇదా? ఇది మీరే. పలకదు. ఊడదు కూడా."

ఆయన పకపకా నవ్వాడు. దుకాణాలన్నీ విన్న ఆ నవ్వు, ఇంటికి ఇన్నాళ్ళూ రాని నవ్వు. "ఆ పేరు పెడితే దీన్నెవరు కొంటారే?"

"దాన్ని అమ్మమని ఎవరన్నారు? పక్కది చూపించండి."