ముందస్తు స్తోత్రం

మా వాళ్ళ ప్రార్థనల్లో అడగడం తక్కువ, ముందే కృతజ్ఞతలు చెప్పేయడం ఎక్కువ. వీసా ఇంకా రాదు, "వీసా ఇచ్చినందుకు స్తోత్రం ప్రభువా" అంటారు. నర్సు పరీక్షకు పుస్తకం తెరవకముందే పాసు చేసినందుకు స్తోత్రం. మా కోస్తా క్రైస్తవులకు విశ్వాసమంటే అదే. నాకూ ఆ అలవాటుంది, కాదనను.

షార్జా చర్చి ప్రాంగణంలో మాకు వారానికో పూట ఒక గది దొరుకుతుంది. మలయాళీలు లేచాక మేము కూర్చోవాలి, ఫిలిప్పీన్సు వాళ్ళు తలుపు తట్టేలోగా మేము లేవాలి. కరోనాకి ఆ గదీ మూతపడి ఫోన్లలో ప్రార్థన మొదలుపెట్టాం. ఆ రోజుల్లోనే, ఉమ్ అల్ క్వైన్ క్లినిక్‌లో నాతో పనిచేసే కెన్యా నర్సు తన అక్కను మాకు పరిచయం చేసింది. ఆ అక్క వాళ్ళ ఊళ్ళో ఒక మిషన్ ఇల్లు నడుపుతోంది. ఎయిడ్స్‌తో అమ్మానాన్నలు పోయిన పిల్లలు అందులో ఉంటారు. అందరూ ఆవిడను 'మామా' అంటారు, వాళ్ళ భాషలో అమ్మ అని. "ఆడమనిషిని మామా అంటారేంటే!" అని మా పెద్దమ్మ మొదటిరోజు తెగ నవ్వింది. మేము బట్టలూ పుస్తకాలూ పంపేవాళ్ళం, వారం వారం వీడియోలో ఆ పిల్లలతో కలిసి పాడేవాళ్ళం. వాళ్ళ తాళం ముందు మా చప్పట్లు ఏ మూలకీ వచ్చేవి కావు.

పెద్దమ్మ అంటే సొంత పెద్దమ్మ కాదు. భీమవరం వైపు మనిషి, ఇక్కడ అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది. ఆ పిల్లల్లో ఒక ఎనిమిదేళ్ళ అమ్మాయంటే ఆవిడకు ప్రాణం. దానిచేత 'అమ్మమ్మా' అని పిలిపించుకునేది. ఆ పిల్లకు తల్లి కడుపులోనే ఆ జబ్బు అంటుకుంది. రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒక బిళ్ళ వేసుకుంటే అందరి పిల్లల్లాగే గెంతుతుంది. మానితే ఆ జబ్బు ఊరుకోదు. నర్సుని, నాకు తెలుసు.

ఒకరోజు వీడియో ప్రార్థనలో పెద్దమ్మ ఊపు మీద ఉంది. "బిడ్డను ముట్టావు తండ్రీ, బాగు చేసేశావు, జబ్బు ఖలాస్! స్తోత్రం!" అని ఇల్లు ఎగిరిపోయేలా ప్రార్థించింది. పక్కన నేను ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయాను. ఖలాస్ అంటే అయిపోయిందని కూడా చెప్పాను.

కొన్నాళ్ళకు మామా ఫోను చేసింది. పిల్ల బిళ్ళ మానేసిందట. పెదాలు బిగించుకుని కూర్చుంటోందట. "దేవుడు బాగు చేసేశాడని దుబాయ్ అమ్మమ్మ చెప్పిందిగా, ఇంకా బిళ్ళెందుకు?" అంటోందట.

అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. సెలవు రోజున మా ఫ్లాట్‌కు వచ్చిన పెద్దమ్మ చెప్పులు విడవకముందే మీద పడిపోయాను.

"నీ స్తోత్రం ఆ పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది పెద్దమ్మా! బిళ్ళ మానేసిందంట!"

"అయ్యబాబోయ్! నేను మానమన్లేదే! విశ్వాసంతో అన్నానే అమ్మాయ్!"

"నీ విశ్వాసం సంగతి ఆ పసిదానికేం తెలుసు?"

పెద్దమ్మ కూలబడి కాసేపు ఏడ్చింది. తరవాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఫోను కలుపు, నేనే చెప్తా" అంది.

ఫోనులో పిల్ల మూతి ముడుచుకుని కనపడింది. వెనక మామా నీళ్ళ గ్లాసూ బిళ్ళా పట్టుకుని నిలబడి ఉంది.

"బంగారుతల్లీ, స్తోత్రం స్తోత్రమేనమ్మా, బిళ్ళ బిళ్ళే," అంది పెద్దమ్మ. "నాకు బీపీ ఉంది. దేవుడు తగ్గించేశాడనే నమ్ముతున్నా. అయినా బిళ్ళ మింగుతున్నానా లేదా?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. పిల్ల ఆలోచించి, "అయితే ఇప్పుడు మింగి చూపించు" అంది.

పెద్దమ్మ బ్యాగు అడుగంటా వెతికి బిళ్ళల అట్ట తీసింది. ఎప్పుడో నేనే తెచ్చిచ్చిన అట్ట అది. ఒక్క బిళ్ళా కదల్లేదు. నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ ఫ్యాను వంక చూసింది.

"నేనూ ముందే స్తోత్రం చెప్పేశాను గదే," అని గొణిగింది.

ఆవిడ బీపీ తరవాత చూద్దాం, ముందు నా బీపీ పెరిగిపోయింది. ఇది మాత్రం పిల్లకు ఎవరూ ఇంగ్లీషులో చెప్పనక్కర్లేకపోయింది. చూస్తూనే పకపకా నవ్వింది. మామా చేతిలోంచి తన బిళ్ళ తీసుకుని, నువ్వూ తీసుకో అన్నట్టు పెద్దమ్మకు సైగ చేసింది. ఇద్దరూ ఒక్కసారే మింగారు. పెద్దమ్మ ఆముదం తాగినట్టు కళ్ళు మూసుకుంది. పిల్ల నోరు తెరిచి నాలుక చాపి చూపించింది. పెద్దమ్మా చాపక తప్పలేదు. అటు మామా, ఇటు నేనూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాం.

మామా ఆ పిల్లకు రక్తపరీక్ష చేయించింది. ఫలితం వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. మందు పనిచేస్తూనే ఉందని తెలిశాక పెద్దమ్మ అరబ్బుల వంటింట్లోంచే ఫోను చేసి స్తోత్రం చెప్పింది. ఈసారి అయిపోయిన పనికే చెప్పింది. ఆనాటి నుంచీ రోజూ వాళ్ళక్కడ భోంచేశాక ఫోను కలుపుతారు, ఇద్దరూ కలిసి మింగుతారు.

మొన్నామధ్య వారం ప్రార్థనలో ఆ పిల్ల తానే ప్రార్థిస్తానంది. ఇప్పుడు బాగా పొడుగైంది. ఇంగ్లీషులోనే మొదలుపెట్టి, "అమ్మమ్మ బీపీ తగ్గించేసినందుకు స్తోత్రం ప్రభువా, బీపీ ఖలాస్!" అని ముగించింది. పెద్దమ్మ ఉబ్బితబ్బిబ్బై, "ఆమెన్!" అని కేక పెట్టింది.

పిల్ల ఒక కన్ను తెరిచి, అచ్చ తెలుగులో అడిగింది: "అమ్మమ్మా, బిళ్ళేదీ?"