నాన్నా నేనూ చూడని భాగం

నిన్న మా హిందీ ఊరి పండరీ బట్టల బజారులో ఒక టీ-షర్టు మీద వాడు కనిపించాడు. పిడికిలి బిగించి నిలబడ్డ ఆ జపాన్ కార్టూన్ వీరుడు. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటాడు, సాయంత్రాలు టీవీలో హిందీలో అరుస్తూ కొట్టుకునేవాడు. "అభీ భీ చల్ రహా హై, దీదీ," ఇప్పటికీ నడుస్తోందక్కా అన్నాడు కొట్టువాడు.

ఈ ఊళ్ళోనే గుఢియారీ పేటలోని మా ఇంట్లో చెక్క తలుపుల టీవీ ఉండేది. ఆ తలుపులు జరిపితే వచ్చే కిర్రుమనే చప్పుడు గుర్తుందా? దానికెదురుగా నవారు మంచం మీద నాన్న. ఫ్యాక్టరీలో పైనుంచి పడి నడుము విరిగాక గదంతా నొప్పుల నూనె వాసన. నేను స్కూలు నుంచి రాగానే ఇద్దరం ఆ కార్టూనే చూసేవాళ్ళం.

ఒకరోజు వాడు దెబ్బలు తిని నేలకూలాడు. మిగతాది రేపు అన్నారు.

"ఏటే, ఈడు లేస్తాడంటావా?"

"హీరో కదా నాన్నా, లేస్తాడు."

"హీరో కాదే, బొమ్మ. బొమ్మకి నడుం ఇరగదు కదా," అని నవ్వి, "రేపు జల్దీ వచ్చీయ్. నువ్వు లేకండా నాను చూడను," అన్నాడు.

మర్నాడు నేను వచ్చేసరికి నాన్నను నేల మీద పడుకోబెట్టి ఉంచారు. చావింట్లో టీవీ ఏమిటని ఎవరో దాని మీద దుప్పటి కప్పేశారు. ఏడాది వరకు అమ్మ ఆ దుప్పటి తీయలేదు.

ఇప్పుడు ఫోన్‌లో వెతికితే ఆ భాగం నిమిషంలో దొరుకుతుంది. ఇన్నేళ్ళుగా వెతకలేదు. నాన్న తన మాట నిలబెట్టుకున్నాడు, నేనూ అదే చేస్తున్నాను అనుకుంటాను. లేక వాడొక్కడే లేవడం చూడలేకా? తెలియదు. టీ-షర్టును మడిచి కొట్టువాడికే తిరిగిచ్చేశాను.