ఈశ్వరి టీచర్ తెచ్చిన దరువు

హార్బరు వెనక మత్స్యకారుల కాలనీలో మా బాలబడి ఉంది. రెండు రేకుల గదులు. ఏడో తరగతితో చదువు ఆగిపోయాక నాకు అక్కడే ఆయా పని దొరికింది. ఈశ్వరి టీచర్ ఈ కాలనీ పిల్లే. వాళ్ళమ్మ జోగమ్మ ఎండుచేపలు అమ్మి ఇంటర్ దాకా చదివించింది. టీచర్ గదిలోంచి పిల్లల గొంతు బయటికి వినపడదని మా వీధుల్లో పేరు. చేతులు కట్టుకుని, నోటి మీద వేలేసుకుని కూర్చుంటారు. అంత బుద్ధిగా ఉంచుతుందనే తల్లులు పంపేవారు.

ఈ ఏడు బడి నడిపే ట్రస్టువాళ్ళు కొత్త మాట చెప్పారు. పిల్లలకు ఆటతో, అడుగులతో సంగీతం నేర్పాలట. టీచర్లకు ముందు శిక్షణ ఇస్తారు. నెలాఖరున ఒక మేడం వచ్చి తరగతి చూసి సరేనంటేనే ఉద్యోగం ఉంటుంది.

"నేరుగా పొమ్మనలేక గెంతమంటన్నారు, రాధా," అంది టీచర్. నాకూ అలాగే అనిపించింది.

శిక్షణ పెందుర్తిలో ఒక స్కూలు హాల్లో పెట్టారు. ఆయాలనూ రమ్మన్నారు కాబట్టి నేనూ వెళ్ళాను. నేర్పే మేడం పేరు ఫ్లోరా. కుర్చీలు గోడకు జరిపించి, మా చెప్పులు విప్పించి, డప్పు కొడుతూ నడవమంది. దరువు ఆగితే ఆగాలి, మెల్లగా మోగితే వంగాలి. పద్మనాభం ఊరి నుంచి వచ్చిన టీచర్లు కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని నవ్వుతూ తిరిగారు. మా టీచర్ మాత్రం మేడం చేతిలో ఫోన్ వైపే చూస్తూ నడిచింది. ఎవరి అడుగు తప్పుతోందో పైవాళ్ళకు చూపించడానికే ఆ వీడియోలు తీస్తోందని మా అనుమానం.

సినిమా పాటలు వద్దంది మేడం. మీ వీధి పిల్లల కాళ్ళకు ముందే అలవాటైన దరువేదో వెతికి, దానితో మొదలుపెట్టమంది.

అలాంటిది మా పిల్లలకు ఒకటే ఉంది. ఇంటికి వెళ్ళే వేళ ప్లాస్టిక్ బకెట్టు బోర్లించి కొడుతూ వరసగా అడుగులేస్తారు. ఎవరూ నేర్పకుండానే అందరి కాళ్ళూ ఒకేసారి పడతాయి. కాలనీలో ఎవరు పోయినా శవాన్ని డప్పులు కొడుతూ మా బడి ముందు నుంచే తీసుకెళ్తారు. ఆ డప్పుల వెంట నేర్చుకున్నదే అది. బకెట్టు మీద కొట్టినన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు కదా అని టీచర్ దాన్నే హాల్లో వాయించింది. ఎక్కడిదో మాత్రం చెప్పలేదు. మేడం చాలా మెచ్చుకుని తన డప్పే ఇచ్చి పంపింది. బస్సులో టీచర్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఊరికే ఎందుకిచ్చిందంటావని నన్ను అడిగింది.

మర్నాడు బడిలో డప్పు మోగింది. పిల్లలు గది చుట్టూ తిరుగుతున్నారు. అంతలో వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళంతా వాకిళ్ళలోకి వచ్చేశారు. బోట్లు వేటకెళ్ళి ఉన్నాయి. గురువమ్మ పరుగున వచ్చి గుమ్మం పట్టుకుంది. ఆమె భర్త పోలిరాజు కూడా సముద్రం మీదే ఉన్నాడు.

"ఎవులు పోయారు?" అంది.

అప్పుడు వరసలో ముందున్న మనవడు బాబీని చూసింది. ఆమె అరవలేదు. వాణ్ణి ఒక చేత్తో, డప్పును ఒక చేత్తో పట్టుకుంది.

"మగోళ్ళు సముద్రం మీదుంటే పిల్లల సేత సావు డప్పుకి గెంతిస్తన్నావేటే?"

వాణ్ణీ డప్పునూ ఇంటికి తీసుకుపోయింది. మధ్యాహ్నానికి గది ఖాళీ అయింది. వీధుల్లో ఒకటే మాట, ఇదంతా ఆ మేడం పని అని. ఎక్కడి నుంచో వచ్చింది, వీడియోలు తీసింది, పిల్లల చేత ఏం చేయిస్తోందో అన్నారు. ఆ మేడమే చెప్పిందనెయ్యమని, ఆవిడేమైనా ఈ కాలనీలో ఉంటుందా అని జోగమ్మ కూతురికి నూరిపోసింది.

సాయంత్రం టీచర్ గురువమ్మ ఇంటికి వెళ్ళింది. వెనకే నేను. చేపలు ఎండబెట్టే పట్టా చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళందరూ తలలెత్తారు.

"ఆ మేడమ్మే సెప్పిందా?" అంది గురువమ్మ.

అవునంటే చాలు, మర్నాడు పిల్లలొచ్చేస్తారు. టీచర్ వెళ్ళి పట్టా అంచున కూర్చుంది.

"లేదు పిన్నీ. ఆవిడికి తెలీదు. నానే తెచ్చాను. ఉజ్జోగం పోద్దని బయమేసింది."

"అయితే తెలిసే కొట్టేవు."

"తెలిసే కొట్టాను."

గురువమ్మ నమ్మిందో లేదో ఆమె ముఖంలో తెలియలేదు. బాబీని పంపిస్తానంది, కానీ తానూ వచ్చి గుమ్మంలో కూర్చుంటానంది. డప్పు మాత్రం ఇవ్వనంది. మిగతా తల్లులు ఆమెను చూసి ఒక్కొక్కరే పంపారు. మధ్యలో పోలిరాజు బోటు వచ్చింది. అది ఒడ్డున ఉన్నన్నాళ్ళూ గురువమ్మ డప్పు ఇచ్చి, మళ్ళీ ఆ దరువు పడుతుందేమోనని టీచర్ చేతినే చూస్తూ కూర్చుంది. బోటు బయల్దేరగానే డప్పు తీసేసుకుంది.

నెలాఖరున తరగతి చూడటానికి ఫ్లోరా మేడమే వచ్చింది. ఆ రోజు బోట్లు సముద్రం మీదే ఉన్నాయి. గుమ్మంలో గురువమ్మ, ఆమె ఒళ్ళో మేడం డప్పు. అదేమిటని అడిగితే టీచర్ ఏదీ దాచకుండా చెప్పేసింది. మేడం ముఖం మాడిపోయింది.

"హాల్లోనే నాకీ మాట చెప్పాల్సింది కదమ్మా," అని ఫోన్ తీసింది.

"అది లోపలెట్టు తల్లీ," అంది గురువమ్మ.

మేడం ఫోన్ సంచిలో వేసింది. టీచర్ డప్పు లేకుండానే మొదలుపెట్టింది. పిల్లలు అరికాళ్ళతో నేల చరుస్తూ, ఆమె చేయి పైకి లేస్తే వేగంగా, దిగితే మెల్లగా నడిచారు. చేయి ఆగిన చోట ఆగిపోయారు. ఒకడు ఆగలేక ముందువాడి మీద పడ్డాడు. గది నిండా నవ్వులు. టీచర్ నోటి మీద వేలు పెట్టమనలేదు.

మేడం టీచర్‌తో రెండు మాటలు మాట్లాడి ఆటో వైపు వెళ్ళింది.

"సరేనందా?" అని అడిగింది గురువమ్మ.

"అంది పిన్నీ."

"నోటితో అందా, రాసిచ్చిందా?"

"నోటితోనే."

గురువమ్మ డప్పు నా చేతికిచ్చి, కొంగు బిగించి, ఆటో ఆపమంటూ వీధిలోకి నడిచింది.